స్థలం మాట విన్న కట్టడం: లారీ బేకర్ నిర్మాణ విధానంపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతం

సందర్భానుసార వేదాంతాన్ని గురించి మన సెమినరీలలో విస్తారంగా బోధిస్తున్నాం. సువార్త తెలుగు నుడికారంలో వినబడాలని, ఆరాధన మన బాణీలలో సాగాలని, దేవుని గూర్చిన మాట మన పొలాల్లోను పేటల్లోను పుట్టాలని విద్యార్థులు పరీక్షలలో చక్కగా వ్రాస్తారు. అయితే ఆ విద్యార్థి కాపరియై ఒక పల్లె సంఘానికి వెళ్లి, అక్కడ పాత గుడిని పడగొట్టి కొత్తది కట్టవలసి వచ్చినప్పుడు ఈ చదువు అక్కరకు రావడం అరుదు. ఆ సమయానికి అతని చేతిలో ఉండేవి రెండే: పొరుగూరి చర్చి ఫోటో, మేస్త్రీ చెప్పిన ఎస్టిమేటు. ఆ గుడి ఏ నేల మీద నిలబడుతుంది, ఏ గాలికి ఎదురుగా ఉంటుంది, మే నెల ఆదివారం పదకొండు గంటలకు దాని కప్పు క్రింద కూర్చున్న ముసలమ్మ పరిస్థితి ఏమిటి అనే ప్రశ్నలు కమిటీ ముందుకు రావు.

ఈ లోటును దృష్టిలో ఉంచుకొని, నేలకు తగినట్టు కట్టడమే తన వృత్తిధర్మంగా భావించిన లారీ బేకర్ (1917–2007) పనిని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. బేకర్‌ను గురించి వాస్తుశిల్పులు చాలా వ్రాశారు. ఆయన క్రైస్తవ విశ్వాసాన్ని ఒక జీవితవిశేషంగా మాత్రమే పేర్కొని ముందుకు సాగడం వారిలో ఎక్కువమందికి అలవాటు. మనకు ఆ విశ్వాసమే ముఖ్యం. బేకర్ నుండి సంఘం నేర్చుకోవలసింది ఎర్ర ఇటుక గోడ కాదు, స్థలాన్నీ పనివానినీ వాడుకొనేవానినీ వినే పద్ధతి అన్నది నా ప్రతిపాదన. అయితే ఆయన పద్ధతి మన సంఘాలకు సంబంధించిన ఒక పెద్ద ప్రశ్నకు పూర్తిగా జవాబివ్వదు. ఆ ప్రశ్నను చివరి భాగంలో చర్చిస్తాను.

జీవిత నేపథ్యం

బేకర్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెథడిస్టు కుటుంబంలో జన్మించి, యౌవనంలో క్వేకర్ల సమాజంలో చేరారు. 1937లో వాస్తుశిల్ప విద్య ముగించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో క్వేకర్ల వైద్యసహాయ దళంతో చైనాలో పనిచేశారు. స్వదేశానికి తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో ఆగవలసి వచ్చినప్పుడు గాంధీగారిని కలుసుకున్నారు. 1945లో కుష్ఠురోగుల మధ్య పనిచేసే మిషను తరఫున మన దేశానికి వచ్చి, వారి కోసం వైద్యశాలలు కట్టే పనిలో దిగారు. 1948లో మలయాళీ వైద్యురాలైన ఎలిజబెత్‌ను వివాహమాడి, హిమాలయాలలోని పిథోరాగఢ్ ప్రాంతంలో పదహారేండ్లు నివసించారు. 1963లో కేరళకు వచ్చి, మొదట వాగమన్‌లోను తరువాత తిరువనంతపురంలోను స్థిరపడ్డారు. 1989లో భారత పౌరసత్వం, 1990లో పద్మశ్రీ లభించాయి.

ఈ వరుసలో మనం ఆగవలసిన చోటు పిథోరాగఢ్. బర్మింగ్‌హామ్‌లో నేర్చిన విద్య ఆ కొండలలో చాలలేదు. అక్కడి రైతు రాతితో, మట్టితో, కలపతో కట్టుకున్న ఇల్లు చలికీ వానకూ ఏటవాలు నేలకూ తగినట్టుగా ఉండటం ఆయన గమనించారు. చదువుకున్నవాడు చదువులేని మేస్త్రీ దగ్గర శిష్యుడయ్యాడు. మనిషికి కావలసిన ఇల్లు చుట్టూ అయిదు మైళ్లలో దొరికే వస్తువులతోనే కట్టవచ్చునన్న గాంధీగారి ఆలోచన అక్కడ ఆయన కండ్ల ఎదుట నిలిచింది. మిషనెరీ చరిత్రలో నేర్పడానికి వచ్చినవారు అనేకులు. నేర్చుకోవడానికి కూర్చున్నవారు కొద్దిమంది. బేకర్ ఆ కొద్దిమందిలో ఒకరు.

ఆఫీసు లేని పని

పెద్ద ఆఫీసు, గుమాస్తాల బృందం, గాజు తలుపులు బేకర్‌కు లేవు. ఇంటినుండే పనిచేశారు. వాడేసిన కాగితాల వెనుక, కవర్ల వెనుక బొమ్మలు గీసేవారు. కంట్రాక్టరును మధ్యన పెట్టక, మేస్త్రీలతో నేరుగా మాట్లాడుతూ స్థలం మీదనే నిర్ణయాలు తీసుకొనేవారు. గోడ దారిలో చెట్టు ఉంటే గోడే వంగేది. తిరువనంతపురం ఉళ్లూరులో 1970ల ఆరంభంలో ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణలో భవనాలు కొండవాలును అనుసరించి, చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ సాగుతాయి. నేలను బుల్‌డోజరుతో చదును చేసి, తరువాత దాని మీద గీతలు గీసే పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం.

ఆయన సాంకేతిక పద్ధతులలో రెండింటిని కాపరులు అర్థం చేసుకోవడం మంచిది. మొదటిది ర్యాట్ ట్రాప్ బాండ్, అనగా ఎలుకబోను కట్టు. ఇటుకలను పరుపుగా కాక అంచు మీద నిలబెట్టి కడతారు. గోడ మధ్యలో ఖాళీ గదులు ఏర్పడతాయి. తొమ్మిది అంగుళాల గోడకు దాదాపు పావువంతు ఇటుకలు మిగులుతాయి. లోపల నిలిచిన గాలి బయటి వేడిని అంత త్వరగా లోనికి రానియ్యదు. రెండవది ఫిల్లర్ స్లాబ్. కాంక్రీటు నొక్కుడును బాగా భరిస్తుంది కాని లాగుడును భరించలేదు. ఆ పని ఇనుము చేస్తుంది. కనుక స్లాబు అడుగుభాగంలో చాలామేరకు కాంక్రీటు ఊరకే బరువుగా వ్రేలాడుతుంది. ఆ చోట పాత మంగుళూరు పెంకులను పేర్చి పోస్తే సిమెంటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. వీటితోపాటు గోడలకు పూత లేకుండా వదిలివేయడం, కిటికీలకు బదులు ఇటుక జాలీలు పెట్టడం, పాత ఇండ్ల తలుపులు, కలప తిరిగి వాడుకోవడం ఆయన అలవాట్లు.

వీటిని పొదుపు చిట్కాలుగా మాత్రమే చూస్తే విషయం చేజారుతుంది. క్వేకర్ల సాక్ష్యంలో సత్యమూ నిరాడంబరతా ప్రధానమైనవి. ఇటుక గోడ ఇటుక గోడగా కనబడాలి. దాని మీద పూత పూసి, రంగు వేసి, పాలరాయి అనిపించేలా చేయడం ఆయన దృష్టిలో దుబారా మాత్రమే కాదు, ఒక విధమైన అబద్ధం కూడా.

మూడు కట్టడాలు

మొదటిది తిరువనంతపురంలోని శ్రీకార్యం వద్ద యేసుసభవారి లొయోలా విద్యాసంస్థల ప్రార్థనాలయం. 1970ల ఆరంభంలో కట్టినది. వేయిమంది కూర్చోవాలి. సొమ్ము చాలా తక్కువ. అంత పెద్ద హాలుకు గోడలు బాగా ఎత్తు కావాలి. ఎత్తైన ఇటుక గోడ ప్రక్కకు ఒరగకుండా నిలవాలంటే సాధారణంగా కాంక్రీటు స్తంభాలు, దూలాలు వేస్తారు. బేకర్ ఇనుమునూ కాంక్రీటునూ అదనంగా వాడక, రెండు గోడలను ఎడంగా లేపి, మధ్యలో అడ్డు ఇటుకలతో ఒకదానికొకటి కట్టివేశారు. రెండు గోడలలోనూ నేలనుండి కప్పు వరకు జాలీలు ఉంచారు. వెలుగు నేరుగా కంటిలో గుచ్చుకోక, ఇటుకల మధ్య వడగట్టుకొని లోనికి వస్తుంది. గాలి ఆడుతుంది. గోడను నిలబెట్టిన అమరికే వెలుగునూ గాలినీ ఇచ్చింది. అందం కోసం విడిగా ఖర్చు చేయవలసిన పని లేకపోయింది.

రెండవది నాలాంచిరలో ఆయన తన కుటుంబం కోసం కట్టుకున్న ఇల్లు, 'ది హామ్లెట్'. స్థలం నిటారైన రాతి కొండవాలు. ఇల్లు ఒక్కసారి పూర్తయినది కాదు, ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా పెరిగినది. కొండను తొలచక, కొండ ఇచ్చిన మేరకే గదులు పైకీ క్రిందికీ అమర్చారు. ఇతరులకు ఏది బోధించారో దానిలోనే ఆయన కాపురమున్నారు. ఈ మాటకు తరువాత తిరిగి వస్తాను.

మూడవది తిరువనంతపురం తీరంలోని పూందురలో మత్స్యకారుల కోసం 1970లలో కట్టిన ఇండ్లు. ఇండ్లను ఒకే గీత మీద నిలబెట్టక ముందువెనుకలుగా అమర్చారు. ప్రతి ఇంటికీ సముద్రం కనబడాలి, గాలి తగలాలి, ముంగిట వల ఆరవేసుకొనే చోటు ఉండాలి అన్నది ఉద్దేశం. కప్పులు తక్కువ ఎత్తులో వాలుగా ఉండి, గోడలలోని ఖాళీలు పెనుగాలిని లోపలినుండి సాగిపోనిస్తాయి. ఇక్కడ స్థలమంటే ఇసుక, ఉప్పుగాలి మాత్రమే కాదు. వేటకు వెళ్లిన భర్త పడవ కోసం చూసే భార్య చూపు కూడా స్థలంలో భాగమే.

వాక్య పరిశీలన

గుడి కట్టే సందర్భంలో మన ప్రసంగాలు సాధారణంగా సొలొమోను ఆలయం మీదనో హగ్గయి గద్దింపు మీదనో సాగుతాయి. దానికి ముందున్న వాక్యభాగాలను మనం తక్కువగా ముట్టుకుంటాం. నిర్గమకాండము 20:24-25లో దేవుడు మొదట కోరిన బలిపీఠం మట్టిది. రాతితో కడితే ఆ రాతిని చెక్కకూడదు. ఉన్న నేలను ఉన్నట్టుగా ఆరాధనకు అంగీకరించిన దేవుడు ఇక్కడ కనబడుతున్నాడు. ప్రత్యక్ష గుడారపు పలకలకు వాడిన కర్రను మన తెలుగు బైబిలు తుమ్మకర్ర అని అనువదించింది (నిర్గమ 26:15). అది ఎడారిలో దొరికే కర్ర. మన చెరువుగట్ల మీద ముండ్లతో నిలబడే తుమ్మకు దగ్గరి చుట్టం. లెబానోను దేవదారు తరువాత వచ్చింది. అదే గ్రంథం 36:5-6లో ప్రజలు చాలినదానికంటె ఎక్కువ తెస్తున్నారని పనివారు చెప్పగా మోషే కానుకలను ఆపివేశాడు. చాలు అని చెప్పిన కట్టడ కమిటీ బైబిలులో ఉన్నది. మన అనుభవంలో అది అపురూపం.

సొలొమోను ఆలయాన్ని మహిమ నింపింది (1 రాజులు 8:10-11). కనుక వైభవమైన కట్టడాన్ని దేవుడు తిరస్కరిస్తాడని చెప్పడానికి లేదు. అయితే అదే గ్రంథం 5:13-14లో ముప్పదివేలమంది వెట్టివారిని వంతులచొప్పున లెబానోనుకు పంపిన సంగతినీ దాచలేదు. ఆ కాడి బరువును గురించిన మొర 12:4లో వినబడుతుంది, రాజ్యం చీలింది. యిర్మీయా 22:13-17లో ప్రవక్త మరింత సూటిగా మాట్లాడాడు. విశాలమైన మేడ, దేవదారు పలకలు, ఎర్రని రంగు ఒకవైపు, జీతమివ్వకుండా చేయించుకున్న పొరుగువాని పని మరొకవైపు. గోడ రంగును చూసి ప్రవక్త మురిసిపోలేదు, పనివాని కూలి సంగతి అడిగాడు. బేకర్ పద్ధతి ఈ ప్రశ్న ఎదుట నిలువగలదు. ఆయన ఎస్టిమేటులో సిమెంటుకూ ఇనుముకూ పోయే భాగం తగ్గి, మేస్త్రీ చేతిపనికి పోయే భాగం పెరిగింది. ఖర్చయిన సొమ్ము దూరపు ఫ్యాక్టరీకి పోవడం తగ్గి, ఊరివాని ఇంటికి చేరింది.

యోహాను 1:14 కూడా మనకు ఇక్కడ ఆధారమే. వాక్యము శరీరధారియై మన మధ్య గుడారము వేసుకున్నాడు. ఆయన ఒక నిర్దిష్టమైన ఊరిలో, భాషలో, వృత్తిలో జీవించాడు. ఎక్కడైనా సరిపోయే శరీరం ఎవరికీ లేదు. ఎక్కడైనా సరిపోయే గుడి ప్లాను కూడా అట్టిదే.

విమర్శ

బేకర్‌ను మెచ్చుకొనేవారు సాధారణంగా ఇక్కడితో ఆపివేస్తారు. నాలుగు విషయాలలో ఆయన పనిని ప్రశ్నించవలసి ఉన్నది.

మొదటిది, ఈ విధానం ఆయన వ్యక్తిగత సన్నిధి మీద ఎక్కువగా ఆధారపడింది. స్థలం మీద రోజూ నిలబడి, మేస్త్రీతో మాట్లాడే వాస్తుశిల్పి ప్రతి పల్లెకూ దొరకడు. ఎలుకబోను కట్టు తెలియని మేస్త్రీ చేతిలో అది బలహీనమైన గోడ అవుతుంది. ఈ లోటును తీర్చడానికే 1985లో త్రిశూర్ కేంద్రంగా కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఏర్పడి, మేస్త్రీలకు శిక్షణనిస్తూ ఆ పనిని కొనసాగించింది. ఒక మనిషి వరం సంఘానికి వరమయ్యేది శిక్షణ ద్వారానే. శిష్యత్వాన్ని గురించి బోధించే మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

రెండవది, కాల్చిన ఇటుక నిర్దోషి కాదు. దానికి పంటపొలం పైమట్టి కావాలి, బట్టీకి కట్టె లేక బొగ్గు కావాలి. బట్టీలలో వలస కుటుంబాల శ్రమ సంగతి మనకు తెలుసు. బేకర్ స్వయంగా మట్టి కట్టడాన్ని సమర్థిస్తూ చిన్న పుస్తకం వెలువరించారు కనుక, ఇటుకే చివరి మాటని ఆయన భావించలేదని గ్రహించాలి.

మూడవది ఆరాధనకు సంబంధించినది. క్వేకర్ల సమాజంలో ప్రతిష్ఠిత బలిపీఠం లేదు, అభిషిక్త కాపరి లేడు, సంస్కారాల క్రమం లేదు. మౌనంగా కూడుకోవడానికి ఏ గదియైనా చాలును. లూథరన్, ఆంగ్లికన్ సంప్రదాయాలలో పెరిగిన సంఘాలకు బల్ల, వాక్యపీఠం, బాప్తిస్మపు తొట్టి ఒక దిశను చూపుతాయి. ఉపయోగాన్నీ పొదుపునూ మాత్రమే చూసే కట్టడం ఆ దిశను పోగొట్టగలదు. అయినను బేకర్ తన సంప్రదాయాన్ని ఇతరులపై రుద్దలేదు. యేసుసభవారికి ప్రార్థనాలయాన్నీ, తిరువల్లాలో మలంకర కథోలికులకు సెయింట్ జాన్స్ కెథడ్రల్‌నూ వారి ఆరాధన కోరిన విధంగానే కట్టారు. వినడమన్నది ఆయనకు నేల విషయంలోనే కాదు, విశ్వాసం విషయంలోనూ వర్తించింది.

నాలుగవది అన్నిటికంటె బరువైనది. మన సంఘాలలో అధికభాగం దళిత సంఘాలు. తరతరాలుగా వారి పేటలలో ఉన్నవి మట్టి గోడలు, తాటాకు కప్పులు. అవి వారు ఎంచుకున్న నిరాడంబరత కాదు, వారి మీద మోపబడిన లేమి. ఊరిలో మిద్దెలూ పెంకుటిండ్లూ ఉండగా పేటలో గుడిసె మాత్రమే ఉండాలన్నది ఒక సామాజిక శాసనం. అట్టి ప్రజలు రూపాయి రూపాయి కూడబెట్టి, కూలి డబ్బులలో నుండి కానుక తీసి, కాంక్రీటు స్లాబు వేసి, ఎత్తైన గోపురం నిలబెట్టి, దానికి తెల్లని రంగు వేసినప్పుడు, ఆ గోపురం ఊరికి ఒక మాట చెప్తుంది. మేమూ మనుష్యులమే అన్నది ఆ మాట. అప్పుడు పట్టణంనుండి చదువుకున్న ఒకరు వచ్చి, ఇది మీ నేలకు తగదు, మట్టితో కట్టుకోండి అంటే వారికి ఏమని వినబడుతుంది? మీ స్థానం మీకు గుర్తున్నదా అని వినబడుతుంది.

నేలను గురించి వ్రాసేవారు మట్టిని, గాలిని, వానను లెక్కిస్తారు. జ్ఞాపకాన్ని లెక్కించరు. పల్లె భూదృశ్యంలో ఊరికీ పేటకూ మధ్యనున్న ఎడం కూడా ఒక భాగమే. ఆ ఎడాన్ని చూడని కట్టడం స్థలానికి తగినదని నేను అంగీకరించలేను.

దీనికి బేకర్ జీవితంలో సగం జవాబు ఉన్నది. పేదలకు ఒక తీరు, కలిగినవారికి ఒక తీరు అనే విభజనను ఆయన ఒప్పుకోలేదు. ప్రొఫెసర్లకూ అధికారులకూ అదే పూతలేని ఇటుకతో ఇండ్లు కట్టారు, తానూ అట్టి ఇంటిలోనే నివసించారు. నిరాడంబరత ఘనులనుండి మొదలైనప్పుడు అది సాక్ష్యం. పేదలకు మాత్రమే బోధించినప్పుడు అది అవమానం. ఫిలిప్పీయులకు 2వ అధ్యాయంలో తన్ను తాను రిక్తునిగా చేసుకొనినవాడు ఐశ్వర్యమున్నవాడే. లేనివానిని రిక్తునిగా ఉండమనడం ఆ వాక్యభావం కాదు. కనుక నేలకు తగిన కట్టడాన్ని గురించిన బోధ మొదట బిషప్ బంగళాకూ, సెమినరీ గ్రంథాలయానికీ, పట్టణంలోని పెద్ద చర్చి ఫంక్షను హాలుకూ వర్తించాలి. అక్కడ అమలైన తరువాతనే పల్లె సంఘం ఎదుట నోరు తెరిచే అర్హత మనకు కలుగుతుంది.

తెలుగు నేలలో

ఈ చర్చ మనకు పూర్తిగా క్రొత్తది కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ కెథడ్రల్ రూపంలో ఐరోపా గోథిక్ కట్టడమే. కాని కరువు కాలంలో చార్లెస్ పాస్నెట్ ఆ పని ద్వారా ఆకలిగొన్నవారికి కూలీ అన్నమూ కల్పించినందున ప్రజలు దానిని తమదిగా చేసుకున్నారు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కెథడ్రల్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య మసీదు గుమ్మటాలనూ దేవాలయ స్తంభాలనూ క్రైస్తవ ఆరాధనకు వినియోగించారు. మొదటిది పనివానిని విన్నది, రెండవది సంస్కృతిని విన్నది. ఈ రెండు ఉదాహరణల ప్రక్కన బేకర్‌ను నిలిపితే, ఆయన చేర్చిన మూడవ విషయం వాతావరణమూ నేలా అని తేటపడుతుంది.

అయితే ఆయన జాలీని ఉన్నది ఉన్నట్టుగా కర్నూలుకో నల్లగొండకో తెచ్చుకుంటే పొరపాటే. తిరువనంతపురంలో గాలి తేమగా ఉంటుంది, అది ఆడుతూ ఉండాలి. మన మెట్ట జిల్లాలలో మే నెల మధ్యాహ్నం వీచేది వడగాలి. దానిని పగలు బయటనే ఉంచి రాత్రి లోనికి రానివ్వాలి. మందపు గోడ, చిన్న కిటికీ, ఎత్తైన కప్పు అక్కడి పెద్దల తెలివి. కడప, కర్నూలు, పల్నాడు ప్రాంతాలలో నాపరాయి దొరుకుతుంది. డెల్టాలో ఇటుక దొరుకుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు గుండ్రని గోడతో, క్రిందికి దిగిన చూరుతో తుపాను గాలికి తలవంచి నిలుస్తుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. ఎర్రనేల ఊరి ప్లానును అక్కడ అదే పునాదితో కడితే గోడలు బీటలు వారుతాయి. ఫోటో చూసి కట్టిన గుడికి ఈ భేదాలు తెలియవు.

అందుచేత కట్టడానికి పూనుకొనే కాపరి కమిటీ ముందు అయిదు ప్రశ్నలు ఉంచాలని సూచిస్తున్నాను. ఈ ఊరిలో యాభై ఏండ్లు నిలిచిన ఇల్లు ఏది, దానిని ఎవరు ఏ విధంగా కట్టారు? మన సొమ్ములో ఎంత భాగం ఊరి పనివారికి చేరుతుంది? వృద్ధులు, పసిబిడ్డల తల్లులు కూర్చునే చోట మే నెలలో వేడి ఎంత? వరద, తుపాను వస్తే ఊరంతా, ఏ కులంవారైనా, ఇందులో తలదాచుకోగలరా? ఈ కట్టడాన్ని చూసి మన బిడ్డలు తల ఎత్తుకుంటారా? అయిదవ ప్రశ్నను తీసివేస్తే మొదటి నాలుగు చదువుకున్నవారి ముచ్చటగా మిగిలిపోతాయి. అయిదవది ఒక్కటే అడిగితే అప్పు, వేడి, బీటలు మిగులుతాయి.

ముగింపు

లూకా 14:28లో గోపురం కట్టగోరినవాడు మొదట కూర్చుండి లెక్క చూసుకుంటాడు. ఆ లెక్క రూపాయలది మాత్రమే కాదని బేకర్ పని చూపిస్తున్నది. నేల లెక్క, గాలి లెక్క, కూలి లెక్క అందులో ఉన్నాయి. పేటల జ్ఞాపకం లెక్కను మనం చేర్చవలసి ఉన్నది, ఎందుకంటే దానిని మనకంటె బాగా ఎరిగినవారు లేరు. మన వేదాంత కళాశాలలలో కాపరత్వ పాఠ్యక్రమంలో కట్టడాన్ని గురించి కొద్ది తరగతులైనా ఉండటం మంచిది. ఒక ఊరి మేస్త్రీని ఆ తరగతికి పిలిచి, ఆయనను కుర్చీలో కూర్చుండబెట్టి, విద్యార్థులు నోటుపుస్తకం తెరిచి వ్రాసుకోగలిగితే, సందర్భానుసార వేదాంతం ఆ రోజు పరీక్షపత్రం దాటి బయటకు వచ్చినట్టే.